ఏడో నిమిషం, మూడో నంబరు జెర్సీ

(సికింద్రాబాద్‌లో ఫుట్‌బాల్ నేర్చుకుంటున్న పిల్లలకీ, వాళ్ళ తల్లిదండ్రులకీ ఒక ఆదివారం పొద్దున రైల్వే మాజీ ఆటగాడు ఒకరు ఇచ్చిన ప్రసంగం ఇది. ఆ రోజు రాలేకపోయినవాళ్ళ కోసం రికార్డింగ్ విని టైప్ చేశాం.)

అందరికీ నమస్కారం. వెనక చెట్టు కింద కూర్చున్నవాళ్ళకి వినపడుతోందా? వినపడకపోతే చెయ్యెత్తండి. సరే. వినపడనివాళ్ళు చెయ్యెలా ఎత్తుతారు, నా పిచ్చి గానీ.

నిన్న రాత్రి అన్నం తింటుంటే మా మనవడు అడిగాడు. "తాతా, రేపు ఎవరి గురించి చెప్తావు?" అన్నాడు. నీల్ టేలర్ గురించి అన్నాను. "ఎవరతను?" వేల్స్ తరఫున ఆడిన లెఫ్ట్ బ్యాక్, అంటే ఎడమ వైపు డిఫెండర్ అన్నాను. "ఎన్ని గోల్స్ కొట్టాడు?" దేశానికి 43 మ్యాచ్‌లు ఆడి ఒక్కటి కొట్టాడు అన్నాను. వాడు ముద్ద నోట్లో పెట్టుకోకుండా నా వైపు చూశాడు. "ఒక్కటా? ఒక్క గోల్ గురించి గంటసేపు మాట్లాడతావా?"

గంట మాట్లాడను, కంగారు పడకండి. ఎండ ఎక్కేలోపు ఆపేస్తాను. మీ కోచ్ గారికి మాటిచ్చాను.

వాడి ప్రశ్నలో మాత్రం తప్పు లేదు. ఇక్కడ ఎంతమంది ఉన్నారు, అరవై మంది ఉంటారా? ఇందాక వస్తూ మీ జెర్సీల వెనక పేర్లు చూసుకుంటూ వచ్చాను. ఏడో నంబరు, పదో నంబరు, మళ్ళీ ఏడు, మళ్ళీ పది. మూడో నంబరు వేసుకున్నది ఒకే ఒక్కమ్మాయి. నీ పేరేంటమ్మా? ఆఁ, కూర్చో, తర్వాత చెబుదువు గాని. మూడు లెఫ్ట్ బ్యాక్ నంబరు. పద్దెనిమిదేళ్ళు నేనూ అదే వేసుకుని ఆడాను. అందుకే ఈ మనిషి మీద నాకింత పక్షపాతం.

ముందు వేల్స్ అంటే ఏమిటో చెప్పుకుందాం. చాలామంది అది ఇంగ్లండ్‌లో ఒక జిల్లా అనుకుంటారు. కాదు. బ్రిటన్‌లోనే ఉంటుంది కానీ ఫుట్‌బాల్‌లో వేరే దేశం. దాని భాష వేరు, జట్టు వేరు, జాతీయ గీతం వేరు. మొత్తం జనాభా సుమారు 30 లక్షలు. మన హైదరాబాద్‌లో సగం కూడా ఉండరు! అందులోనూ దక్షిణాన రగ్బీ పిచ్చి. 1958 ప్రపంచ కప్‌లో క్వార్టర్ ఫైనల్ దాకా వెళ్ళారు. అక్కడ 1-0తో బ్రెజిల్ చేతిలో ఓడారు. ఆ గోల్ కొట్టిన కుర్రాడికి పదిహేడేళ్ళు, పేరు పెలే. ప్రపంచ కప్పుల్లో అతనికదే మొదటి గోల్. ఆ తర్వాత వేల్స్ మళ్ళీ పెద్ద టోర్నమెంట్ ఆడింది ఎప్పుడనుకున్నారు? 2016లో. 58 ఏళ్ళు! మధ్యలో ఇయాన్ రష్ ఆడాడు, ర్యాన్ గిగ్స్ ఆడాడు. ప్రపంచమంతా తెలిసినవాళ్ళు. వాళ్ళ వల్ల కూడా కాలేదు.

నీల్ టేలర్ 1989 ఫిబ్రవరి 7న ఉత్తర వేల్స్‌లో సెయింట్ ఆసఫ్ అనే చిన్న ఊళ్ళో పుట్టాడు. నాన్న వేల్స్ ఆయన. అమ్మది ఏ ఊరో చెప్పండి చూద్దాం. లండన్ కాదు. కార్డిఫ్ కాదు. కోల్‌కతా! ఆవిడ మన బెంగాలీ. ఈస్ట్ బెంగాల్, మోహన్ బగాన్ అని పొద్దున లేస్తే తగువులాడుకునే ఊరి ఆడపడుచు కొడుకు యూరో కప్ సెమీఫైనల్ ఆడాడు.

అయితే ఇండియాకి ఎందుకు ఆడలేదు సార్ అని మీకు అనిపిస్తుంది. మన చట్టం రెండు దేశాల పౌరసత్వం ఒప్పుకోదు. భారత పాస్‌పోర్టు ఉంటేనే మన జట్టులో చోటు. బ్రిటిష్ పాస్‌పోర్టు వదులుకుని రావాలి. ఎవరు వస్తారు చెప్పండి? బంగ్లాదేశ్ వాళ్ళు అలా కాదు. లెస్టర్‌కి ఆడిన హమ్జా చౌదరి వాళ్ళమ్మది బంగ్లాదేశ్. 2025 మార్చిలో షిల్లాంగ్‌లో మన మీదే మొదటి మ్యాచ్ ఆడాడు, 0-0 డ్రా. నేను టీవీ ముందు కూర్చుని గోళ్ళు కొరుక్కున్నాను. మనం గెలవలేదని కాదు, అలాంటి కుర్రాడు మనకెందుకు లేడని.

ఇది సికింద్రాబాద్ కాబట్టి ఒక మాట చెప్పి ముందుకు పోతాను. మనకి ఎప్పుడూ ఎవరూ లేరని కాదు. రహీం సాబ్ కోచ్‌గా ఉండగా 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో మనం నాలుగో స్థానంలో నిలిచాం. 1962 ఏషియన్ గేమ్స్‌లో బంగారం కొట్టాం. ఆ రోజుల్లో ఆడిన బలరాం గారిది ఇక్కడికి కూతవేటు దూరంలో ఉన్న అమ్ముగూడ. ఆ కథలోకి దిగితే సాయంత్రమవుతుంది. ఇంకో ఆదివారం పెట్టుకుందాం.

టేలర్‌ని చిన్నప్పుడే మాంచెస్టర్ సిటీ అకాడమీలో చేర్చుకున్నారు. పదిహేనేళ్ళు వచ్చాక వద్దని పంపించేశారు. పదిహేనేళ్ళు! ఇక్కడ పదిహేనేళ్ళవాళ్ళు ఎంతమంది? అదిగో, సగం మంది. ఇన్నేళ్ళుగా వారం వారం అంతంత దూరం వెళ్ళి ఆడావు, స్కూల్లో అందరికీ "నేను సిటీలో ఆడతా" అని చెప్పుకున్నావు. ఒక రోజు పిలిచి ఇక రానక్కర్లేదు బాబూ అన్నారు. సోమవారం స్కూల్‌కి ఏ మొహం పెట్టుకుని వెళ్తావు? అమ్మానాన్నలకి చెబుతున్నాను, ఇది మీరు వినాల్సిన మాట. అక్కడ అకాడమీల్లో చేరిన పిల్లల్లో నూటికి ఒక్కడు కూడా పెద్ద జట్టు దాకా రావడం కష్టం. తీసేశారంటే పిల్లాడు పనికిరాడని కాదు, ఆ ఏడాది ఆ కోచ్ కంటికి ఆనలేదు, అంతే.

అక్కణ్ణుంచి రెక్సమ్ వెళ్ళాడు. రెక్సమ్ పేరు ఇప్పుడు మీకు తెలుసు. ఇద్దరు హాలీవుడ్ నటులు కొన్నాక ఆ క్లబ్బు ప్రపంచమంతా తెలిసిపోయింది. వరసగా మూడేళ్ళు మూడు మెట్లెక్కింది. టేలర్ ఉన్నప్పుడు మాత్రం కథ తలకిందులు. 2008లో రెక్సమ్ ఫుట్‌బాల్ లీగ్ నుంచే, అంటే ఇంగ్లండ్ పై నాలుగు డివిజన్ల నుంచే కింద పడింది. 87 ఏళ్ళు ఆడిన లీగ్ అది. అప్పుడు టేలర్‌కి పందొమ్మిదేళ్ళు. అంటే మొదటి ఉద్యోగం, మొదటి ఏడాది, కంపెనీ దివాళా. అట్లా అనుకోండి. అయినా కింది లీగ్‌లో రెండేళ్ళు ఆడాడు. బురద గ్రౌండ్లు, మోచేతి పోట్లు, ఆరడుగుల ఫార్వర్డ్‌లు. నన్నడిగితే లెఫ్ట్ బ్యాక్‌కి అంతకన్నా మంచి బడి లేదు.

2010 మే నెలలో క్రొయేషియా మీద వేల్స్ తరఫున మొదటిసారి దిగాడు. అదే వేసవిలో వేల్స్‌లోనే ఉన్న స్వాన్సీ క్లబ్బు వాళ్ళు తీసుకున్నారు. ధర విషయంలో రెండు క్లబ్బులకీ కుదరలేదు. ట్రిబ్యునల్ కూర్చుని లక్షన్నర పౌండ్లు అని తేల్చింది. ఫుట్‌బాల్ లెక్కల్లో అది చిల్లర.

స్వాన్సీ ఆట వేరు. అప్పటి మేనేజర్ బ్రెండన్ రాడ్జర్స్. గోల్‌కీపర్ బంతిని గాల్లోకి తన్నేవాడు కాదు, బ్యాక్ కాళ్ళ దగ్గరికి దొర్లించేవాడు. దొర్లించాడంటే ఏంటి? అవతలి ఫార్వర్డ్ పరిగెత్తుకుంటూ మీద పడుతుంటే, నువ్వు మన గోల్ ముందే నిలబడి నిదానంగా పాస్ ఇవ్వాలి. బురదలో పెరిగిన పిల్లాడు అది నేర్చుకున్నాడు. ఏడాదిలో స్వాన్సీ ప్రీమియర్ లీగ్‌కి, అంటే అక్కడి అన్నిటికన్నా పై లీగ్‌కి వెళ్ళింది. వేల్స్ నుంచి ప్రీమియర్ లీగ్‌కి వెళ్ళిన మొదటి క్లబ్బు అదే.

కానీ ఆ వెళ్ళడంలో ఒక మలుపుంది. అది చెప్పకుండా దాటేస్తే మిమ్మల్ని మోసం చేసినట్టు. 2011 మే, పై లీగ్‌కి వెళ్ళే చివరి చోటు కోసం ఆడే ప్లే ఆఫ్ సెమీఫైనల్, నాటింగ్‌హమ్ ఫారెస్ట్ గ్రౌండ్‌లో మొదటి మ్యాచ్. విజిల్ వేసి నిమిషం కాలేదు. నిమిషం కూడా కాలేదు! బంతి పైకి లేచింది, టేలర్ కాలు ఎత్తి వెళ్ళాడు, అవతలివాడికి తగిలింది. రెడ్ కార్డు. ఇంట్లోవాళ్ళు టీ కప్పు పట్టుకుని టీవీ ముందు కూర్చునేలోపు మనవాడు బయటికి నడిచి వెళ్ళిపోతున్నాడు. మిగతా పదిమంది ఆ మిగిలిన ఆటంతా లాక్కొచ్చి 0-0తో బయటపడ్డారు. తర్వాతి మ్యాచ్ గెలిచారు. లండన్‌లో వెంబ్లీ స్టేడియంలో ఫైనల్ 4-2తో గెలిచారు. సస్పెన్షన్ మూలంగా టేలర్ ఫైనల్ ఆడలేదు. క్లబ్బు చరిత్రలో అంత పెద్ద రోజు, తను బయట.

ఆ ఎత్తిన కాలుని గుర్తుపెట్టుకోండి. మళ్ళీ వస్తుంది.

ప్రీమియర్ లీగ్‌లో మొదటి ఏడాది బాగా ఆడాడు, దాదాపు ప్రతి మ్యాచూ ఆడాడు. 2012 లండన్ ఒలింపిక్స్‌లో బ్రిటన్ అంతా కలిసి ఒక జట్టు పెట్టింది. అందులో వేల్స్ నుంచి ఐదుగురు: గిగ్స్, బెల్లమీ, రామ్సీ, జో అలెన్, మన టేలర్. క్వార్టర్ ఫైనల్‌లో కొరియా మీద పెనాల్టీల్లో పోయింది. అది ఆగస్టు 4. సెప్టెంబర్ 1న స్వాన్సీలో సండర్‌లాండ్‌తో మ్యాచ్. కిందపడ్డాడు. చీలమండ విరిగింది, కీలు కూడా తప్పింది. ఆక్సిజన్ మాస్క్ పెట్టి స్ట్రెచర్ మీద తీసుకెళ్ళారు. అప్పటికి ఇరవై మూడేళ్ళు.

ఆ సీజన్ ఇంచుమించు అంతా పోయింది. ఆ సీజన్లోనే స్వాన్సీ లీగ్ కప్ గెలిచింది, ఫైనల్లో 5-0. చూశారా ఈయన జాతకం! వెంబ్లీకి క్లబ్బు రెండుసార్లు వెళ్ళి గెలిచింది, రెండుసార్లూ ఈయన ఆడలేదు.

మరి ఆ స్థానంలో ఎవరు ఆడారు? బెన్ డేవిస్. పందొమ్మిదేళ్ళ పిల్లాడు, అదే క్లబ్బు, అదే దేశం, అదే ఎడమ కాలు. టేలర్ నయమై వచ్చేసరికి ఆ చోటు డేవిస్‌ది అయిపోయింది. మీలో ఎవరికైనా జరిగిందా ఇది? జ్వరం వచ్చి నాలుగు రోజులు రాకపోతే మీ చోట్లో ఇంకొకడు ఆడుతున్నాడు, పైగా బాగా ఆడుతున్నాడు! కడుపు రగిలిపోతుంది. నాకు రగిలింది, దాచుకోను. 2014లో డేవిస్ టాటెన్‌హమ్‌కి వెళ్ళాడు, అప్పుడు మళ్ళీ టేలర్‌కి చోటొచ్చింది. అసలు తమాషా దేశం జట్టులో. కోచ్ క్రిస్ కోల్మన్ వెనక ఐదుగుర్ని పెట్టాడు. మధ్యలో ముగ్గురు, రెండు అంచుల్లో ఇద్దరు. కుడి అంచున గంటర్. మధ్యలో చెస్టర్, కెప్టెన్ ఆష్లీ విలియమ్స్, ఎడమ వైపు బెన్ డేవిస్. ఆ డేవిస్ పక్కన ఎడమ అంచున ఎవరు? నీల్ టేలర్! తన చోటు తీసుకున్నవాడే ఇప్పుడు పక్కన నిలబడి తన వెనక ఖాళీని కాస్తున్నాడు. ఇద్దరూ ఒకేసారి ఆడేలా కోచ్ జట్టునే మార్చుకున్నాడు.

2016 యూరో, ఫ్రాన్స్‌లో. జూన్ 20, టూలూజ్, రష్యాతో మూడో మ్యాచ్. అంతకుముందు స్లొవాకియా మీద గెలిచారు, ఇంగ్లండ్ మీద ఓడారు. పదకొండో నిమిషంలో రామ్సీ గోల్ కొట్టాడు. ఇరవయ్యో నిమిషంలో బంతి తిరిగి తిరిగి ఎడమ వైపు వచ్చింది. అక్కడ మూడో నంబరు జెర్సీ, ఎదురుగా గోల్‌కీపర్ అకిన్‌ఫీవ్ ఒక్కడే. చుట్టుపక్కల ఎవరూ లేరు. డిఫెండర్లకి ఇలాంటి చోటు దొరికితే ఏం చేస్తారో తెలుసా? భయపడతారు. నిజం. మనకి అలవాటు లేని ఖాళీ అది. తన్నాడు. నేరుగా కీపర్‌కి తగిలింది. అయిపోయింది అనుకున్నాను. బంతి మళ్ళీ అతని కాలి దగ్గరికే వచ్చింది! రెండోసారి తప్పలేదు.

ఆరేళ్ళ క్రితం రెక్సమ్‌లో కొట్టాక మళ్ళీ గోల్ కొట్టడం అదే. ఎలా సంబరం చేసుకోవాలో కూడా మర్చిపోయినట్టు పరిగెత్తాడు. వేల్స్ 3-0తో గెలిచి, ఇంగ్లండ్‌ని వెనక్కి నెట్టి గ్రూపులో మొదటి స్థానంలో నిలిచింది.

మా మనవడు అడిగిన ఒక్క గోల్ ఇదే. కానీ నేను చెప్పాలని వచ్చింది దీని గురించి కాదు.

జూలై 1, లిల్ నగరం, క్వార్టర్ ఫైనల్. ఎదుట బెల్జియం. హజార్డ్, డి బ్రూయిన, లుకాకు. ఆ మ్యాచ్ అనగానే అందరూ రాబ్సన్-కాను గోల్ చెప్తారు. అప్పటికి ఏ క్లబ్బూ లేని ఆటగాడు, కాలు వెనక్కి లాగి ఒక్క తిరుగుడు తిరిగాడు, ముగ్గురు బెల్జియం వాళ్ళు టికెట్ కొన్న ప్రేక్షకుల్లా నిలబడి చూశారు. బాగుంది, నేనూ చాలాసార్లు చూశాను. కానీ మీరు ఇంటికి వెళ్ళాక ఆ మ్యాచ్ ఏడో నిమిషం చూడండి. ఫోన్లో దొరుకుతుంది.

ఏమైందో చెప్తాను. బంతి వేల్స్ గోల్ ముందుకి వచ్చింది. కరాస్కో దగ్గర నుంచి తన్నాడు, కీపర్ హెన్నెసీ ఆపాడు. ఆపాడు కానీ పట్టలేదు. కీపర్ కింద పడి ఉన్నాడు. బంతి మ్యూనియే ముందుకి వచ్చింది. గోల్ ఖాళీగా ఉంది. తన్నాడు. తన్నితే బంతి ఒక మనిషికి కొట్టుకుంది. ఆ మనిషి టేలర్. అది మళ్ళీ హజార్డ్‌కి వచ్చింది, అతనూ తన్నాడు, అది ఇంకొకరికి తగిలి పైనుంచి పోయింది. మూడు షాట్లు, నాలుగైదు సెకన్లు.

ఇప్పుడు నా ప్రశ్న. టేలర్ అక్కడ ఎందుకు ఉన్నాడు? అది అతని చోటు కాదే! ఎడమ అంచున, తన వింగర్ దగ్గర కదా ఉండాలి? ఎవరైనా చెప్తారా? ... ఆఁ, చెప్పమ్మా మూడో నంబరూ. ... భేష్. విన్నారా? "కీపర్ బయటికొచ్చాడు కాబట్టి" అంది. అంతే. కీపర్ గోల్ వదిలి ముందుకి కదిలాడంటే ఆ క్షణం నుంచి గోల్‌కి యజమాని లేడు. బంతి అటు వైపు ఉంటే, ఇటు వైపున్న బ్యాక్ చూడాల్సింది బంతిని కాదు, తన వెనకున్న ఖాళీ గోల్‌ని. అదృష్టం కొద్దీ తగిలింది అంటారు చాలామంది. బంతి తగలడం అదృష్టమే. తగిలే చోట నిలబడి ఉండటం అదృష్టం కాదు.

పదమూడో నిమిషంలో నైంగోలాన్ దూరం నుంచి తన్ని గోల్ కొట్టాడు. అంటే లెక్క వేయండి. ఏడో నిమిషంలో అది వెళ్ళి ఉంటే పదమూడో నిమిషానికి 2-0. అప్పుడు ఆష్లీ విలియమ్స్ కార్నర్ మీద తలతో కొట్టిన గోల్ ఉండేదా? ఉన్నా సమం అయ్యేదా? రాబ్సన్-కాను తిరుగుడు ఉండేదా? చివర్లో వోక్స్ కొట్టిన మూడోది ఉండేదా? 3-1 అని రికార్డులో ఉంది. ఆ రికార్డులో టేలర్ పేరు పక్కన ఏమీ ఉండదు. డిఫెండర్ ఆపింది స్కోర్‌బోర్డు మీద పడదు. పడితే మా మనవడికి నిన్న జవాబు చెప్పడం తేలికయ్యేది.

సెమీఫైనల్‌లో పోర్చుగల్ చేతిలో 2-0తో ఓడారు. రామ్సీ, బెన్ డేవిస్ ఇద్దరూ కార్డుల వల్ల ఆడలేదు. రొనాల్డో గాల్లో వేలాడుతూ తలతో కొట్టాడు, మూడు నిమిషాల్లో నాని ఇంకోటి. దాని గురించి నాకు చెప్పడానికి ఇంకేం లేదు. ఏడుపొచ్చింది.

ఇక ఎత్తిన కాలు.

కొంచెం నీళ్ళు ఇవ్వు బాబూ.

2017 జనవరిలో స్వాన్సీ నుంచి ఆస్టన్ విల్లాకి మారాడు. మార్చి 24న డబ్లిన్‌లో ఐర్లండ్‌తో ప్రపంచ కప్ క్వాలిఫయింగ్ మ్యాచ్. 0-0. ఆట ముదురుతోంది, ట్యాకిళ్ళు, అంటే అవతలివాడి కాళ్ళ దగ్గర బంతి లాక్కోవడాలు, గట్టిపడుతున్నాయి. అరవై తొమ్మిదో నిమిషం. బంతి ఇద్దరి మధ్యలో ఉంది. ఇటు టేలర్, అటు ఐర్లండ్ కెప్టెన్ షేమస్ కోల్మన్. వేల్స్ కోచ్ క్రిస్ కోల్మన్ వేరు, ఈ కోల్మన్ వేరు, కలపకండి. ఈయన కూడా డిఫెండరే, రైట్ బ్యాక్. ఇద్దరూ కాళ్ళు చాచారు. ఈయన ముందు అందుకున్నాడు. టేలర్ ఆలస్యమయ్యాడు. ఎంత? కన్ను రెప్ప వేసేంత. కాలు నేల మీద లేదు, బూటు కింద ఉండే స్టడ్లు ఎదురుగా ఉన్నాయి, ఒంటి బరువంతా వెనకుంది. కోల్మన్ కుడి కాలు రెండు చోట్ల విరిగింది.

రెడ్ కార్డు ఇచ్చారు. ఇవ్వాల్సిందే. నేను టేలర్ మనిషినే, అయినా చెప్తున్నాను, ఇవ్వాల్సిందే. రూలు ఏమంటుంది? అవతలివాడి ఒంటికి ప్రమాదం తెచ్చే ట్యాకిల్ అయితే బయటికే. కావాలని చేశావా అని రూలు అడగదు. రూలు అది అడగదని నీ కాలుకి తెలియాలి. కావాలని చేశాడని నేననుకోను. తన కాలు విరిగినవాడు, ఆ నొప్పి తెలిసినవాడు, ఇంకొకరి కాలు విరగ్గొట్టాలని ఎందుకు వెళ్తాడు? మ్యాచ్ అయ్యాక అతను చాలా కుమిలిపోతున్నాడని కోచ్ చెప్పాడు. కానీ రెండూ నిజమే కదా. కావాలని చేయలేదు, నిజమే. కాలు విరిగింది, అదీ నిజమే. 2011లో ఫారెస్ట్ మ్యాచ్‌లో ఎత్తిన కాలు, ఇక్కడ చాచిన కాలు, ఒకే మనిషివి. మంచివాడు కాబట్టి మంచి ట్యాకిల్ అయిపోదు.

నా సంగతి చెప్తాను. ఇది ఇంట్లో కూడా ఎక్కువ చెప్పను. ఎనభైల్లో ఒక టోర్నమెంట్, ఊరు పేరు వద్దు. వాన పడి గ్రౌండ్ జారుతోంది. బంతి మధ్యలో ఉంది, నేను పడుతూ కాలు చాచాను. అవతలి కుర్రాడికి ఇరవై ఉంటాయేమో. చప్పుడు వినపడింది. ఎండిన కొమ్మ విరిగినట్టు. రిఫరీ నాకు పసుపు కార్డు చూపించాడు, అప్పట్లో అంతే. సాయంత్రం బ్రెడ్డు, అరటిపళ్ళు కొనుక్కుని హాస్పిటల్‌కి వెళ్ళాను. వార్డు గుమ్మం దగ్గర చాలాసేపు నిలబడ్డాను. లోపల వాళ్ళమ్మ ఉంది. నేనెవరో ఆవిడకి తెలుసు. తిడుతుందనుకున్నాను. నా బూట్ల మీద బురద చూసింది. "ఆట నుంచి అట్లాగే వచ్చినవా బిడ్డా, తిన్నవా?" అంది. అంతే. ఆ తర్వాత రెండేళ్ళు నేను సరిగ్గా ట్యాకిల్ చేయలేకపోయాను. బంతి మధ్యలో ఉంటే నా కాలు ఆగిపోయేది. మా కోచ్ తిట్టేవాడు, భయపడుతున్నావని. భయమే మరి.

అందుకే టేలర్ డబ్లిన్ తర్వాత మళ్ళీ ఆడాడంటే నాకది రష్యా మీద గోల్ కన్నా పెద్దది. షేమస్ కోల్మన్ పది నెలలకి, 2018 జనవరి 31న ఎవర్టన్ తరఫున మళ్ళీ గ్రౌండ్‌లోకి వచ్చాడు. ఆ తర్వాత ఏళ్ళ తరబడి ఆడాడు, ఐర్లండ్ కెప్టెన్‌గానే. ఆ వార్త చదివిన రోజు టేలర్ బాగా నిద్రపోయి ఉంటాడని నా నమ్మకం. నా ఊహ అనుకోండి.

టేలర్ 2019లో విల్లాతో వెంబ్లీలో ప్లే ఆఫ్ ఫైనల్ ఆడాడు, డెర్బీ మీద 2-1తో గెలిచారు. ఎట్టకేలకు వెంబ్లీలో తనుండగా ఒకసారి గెలిచాడు! ఆ ముందు ఏడాది అదే ఫైనల్లో ఫుల్హమ్ చేతిలో ఓడారు లెండి. 2021లో విల్లా వదిలేసింది. కొన్ని నెలలు ఖాళీ. తర్వాత మిడిల్స్‌బ్రోలో ఒక సీజన్. 2022లో, ముప్పై మూడేళ్ళకి ఆపేశాడు. పెద్ద వీడ్కోలు మ్యాచ్‌లేమీ లేవు. మధ్యలో అమ్మ పుట్టిన కోల్‌కతా కూడా వచ్చి చూసి వెళ్ళాడు. బ్రిటన్‌లో మనవాళ్ళు లక్షల మంది ఉన్నారు, గుజరాతీలు, పంజాబీలు, బెంగాలీలు, మన తెలుగువాళ్ళు. వీధికొక కుర్రాడు బంతి తంతూ ఉంటాడు. ప్రీమియర్ లీగ్ దాకా వచ్చినవాళ్ళని మాత్రం వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు. ఎందుకు అన్నది వేరే గొడవ. ఆ వేళ్ళలో ఇతనిది ఒక వేలు.

ఎండ వచ్చేస్తోంది. మీ కోచ్ గారు వాచీ చూస్తున్నారు. మనవడు కూడా చూస్తున్నాడు, వాడికి ఆకలేస్తోంది.

ఒక్క పని చేద్దాం. మాటలు చాలు. బూట్లు వేసుకోండి. ఆ చివర గోల్ దగ్గర ఇద్దరు కీపర్లు, ఎనిమిది మంది చాలు. కుడి వైపు నుంచి బంతి వేస్తారు, కీపర్ ముందుకి వస్తాడు, బంతి చేజారుతుంది. ఎడమ బ్యాక్ ఎక్కడికి పోవాలి? గోల్ లైన్ మీదికి. స్లైడ్ చెయ్యొద్దు, నేను ఇక్కడుండగా ఎవ్వరూ స్లైడ్ చెయ్యొద్దు. రెండు కాళ్ళ మీద నిలబడే ఆపండి.

ఏమ్మా మూడో నంబరూ, ముందు నువ్వు రా. మిగతా ఏడో నంబర్లూ పదో నంబర్లూ తన వెనక వరసలో నిలబడండి.